విండ్‌ఫ్లవర్ దుంపలు సరిగ్గా మొలవలేదా? ఎక్కడ, ఎప్పుడు, ఎలా నాటాలంటే

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఇల్లు కొన్నారు. పోయిన నవంబర్ చివర్లో ఒక పెద్ద స్టోర్‌లో సగం ధరకు పెట్టారని అనెమనీ బ్లాండా దుంపలు, అంటే అందరూ విండ్‌ఫ్లవర్స్ అనేవి, యాభై ఉన్న సంచీ తెచ్చారు. ఆ వారాంతమే, నానబెట్టకుండానే, ఇంటిముందు లాన్ అంచున, స్ప్రింక్లర్ పక్కన నాటేశారు. ఏప్రిల్‌లో ఏడెనిమిది మొక్కలు మాత్రమే పైకొచ్చాయి, వాటిలోనూ పూసినవి మూడో నాలుగో. మే ఆఖరుకల్లా ఆ ఆకులు కూడా పసుపెక్కి ఎండిపోయాయి. అవి చచ్చిపోయాయా, తవ్వి పారేయాలా, ఈసారి ఎలా నాటాలి అని అడిగారు. బొకేల్లో కనిపించే ఎర్రటి పెద్ద అనెమనీలు మన పెరట్లో వస్తాయా, గుంటూరులో అమ్మగారికి కొన్ని దుంపలు పంపొచ్చా అని కూడా అడిగారు.

ముందు టెన్షన్ పెట్టుకోకండి. మే ఆఖరుకి ఆకులు ఎండిపోవడం జబ్బు కాదు. బ్లాండా పద్ధతే అంత. మార్చిలో లేస్తుంది, ఏప్రిల్‌లో పూస్తుంది, జూన్ వచ్చేసరికి పైన ఏమీ మిగలకుండా నేలలోకి వెళ్లి పడుకుంటుంది. కాబట్టి వచ్చిన ఆ ఏడెనిమిది మొక్కల దుంపలు చాలావరకు బతికే ఉండాలి. తవ్వకండి. అసలు చూడాల్సింది రానివాటి సంగతి. దానికి కారణాలు మీరు రాసిన నాలుగు వాక్యాల్లోనే ఉన్నాయి: నవంబర్ చివర, సగం ధర, లాన్, స్ప్రింక్లర్.

ఈ మొక్క పుట్టిల్లు గ్రీస్, టర్కీ, సిరియా, లెబనాన్ కొండప్రాంతాలు. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, వేసవి బొత్తిగా పొడి. అందుకే శరదృతువులో మొదటి తడి తగలగానే దుంప వేళ్లు వదులుతుంది, చలికాలమంతా కింద పని చేసుకుంటుంది, చెట్లు చిగురించక ముందే పూసి, విత్తనం వేసి, ఎండలు ముదిరే లోపల నిద్రకు పోతుంది. దాని ఏడాది ఇంతే. మన పెరట్లో మనం చెయ్యాల్సిందల్లా ఆ ఏడాదికి అడ్డం రాకుండా ఉండటం. అక్టోబర్‌లో తడి, జనవరిలో చలి, మార్చిలో ఎండ, జులైలో పొడి. ఈ నాలుగూ దొరికే చోటు వెతికితే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం దుంప కొనేటప్పుడు తేలిపోతుంది.

కొనడం గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. తులిప్ గడ్డకీ డాఫడిల్ గడ్డకీ పైన పొరలుంటాయి, లోపలి తడిని అవి కాపాడతాయి. బ్లాండా దుంపకి అలాంటి పొర ఏదీ లేదు. నల్లగా, ముడతలు పడి, శొంఠి ముక్కలా ఉంటుంది. స్టోర్ షెల్ఫ్ మీద, హీటర్ గాలిలో సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా వేలాడితే అది ఎండుతూనే ఉంటుంది. ఒక హద్దు దాటి ఎండినది ఎంత నానబెట్టినా లేవదు. సగం ధరకు వచ్చిన సంచీలో చాలావాటి పరిస్థితి అదే అయ్యుంటుంది. డాఫడిల్స్ అయితే సీజన్ చివర డిస్కౌంట్‌లో కొన్నా పరవాలేదు, బ్లాండాని మాత్రం అలా కొనకండి. ఆగస్టులోనే బల్బుల కంపెనీకి ఆర్డర్ పెట్టండి. వాళ్లు మన జోన్‌ని, అంటే మన ప్రాంతంలో చలి ఎంతో చెప్పే మండలాన్ని, బట్టి సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లో పంపుతారు. రాగానే నాటేయండి. గరాజ్‌లో పెట్టి తరవాత చూద్దాం అనుకోవద్దు.

సైజు కూడా చూడండి. దుంపల్ని చుట్టుకొలత సెంటీమీటర్లలో గ్రేడ్ చేసి అమ్ముతారు. బ్లాండాలో 4/5 అని ఉంటే చిన్నవి, 5 అని రాసి ప్లస్ గుర్తు ఉంటే ఐదు సెంటీమీటర్లు, అంతకు పైన. పెద్ద దుంప మొదటి ఏడాదే ఎక్కువ పూలిస్తుంది. ఇంకొకటి: టర్కీ కొండల్లో ఈ దుంపల్ని అడవిలోంచి తవ్వి ఎగుమతి చేసే వ్యాపారం చాలాకాలంగా ఉంది, ఇప్పుడక్కడ కోటాలు పెట్టి అదుపు చేస్తున్నారు. నర్సరీలో పెంచినవే అని రాసి ఉన్నవాటిని ఎంచుకుంటే కొండల్లో ఉన్నవి కొండల్లోనే ఉంటాయి. నేనైతే ఈ విషయంలో రాజీ పడను.

దుంపలు ఇంటికొచ్చాక ఒక గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి సాయంత్రం వేసి పొద్దున తీయండి. పొద్దునకి నీళ్లు టీ రంగుకి తిరుగుతాయి, దుంపలు ఉబ్బి ముడతలు కొంచెం సాగుతాయి. ఒకదాన్ని తీసుకుని గోటితో చిన్నగా గీరి చూడండి. లోపల తెల్లగా, గట్టిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా నలిగినా, వాసన వచ్చినా, రాత్రంతా నానాక కూడా రాయిలాగే ఉన్నా పక్కన పెట్టేయండి. ఒక్క రాత్రి చాలు. రెండు రోజులు అలాగే వదిలేస్తే గాలి ఆడక కుళ్లిపోతాయి.

తల ఏదో, కాళ్లేవో తెలియట్లేదని చాలామంది అడుగుతారు. బ్లాండాలో నిజంగానే చెప్పడం కష్టం. పాత కాడ మచ్చలాంటిది కనిపిస్తే ఆ వైపు పైకి ఉంచండి, కనిపించకపోతే పక్కకి పడుకోబెట్టండి. ఎలా పెట్టినా మొలక దారి వెతుక్కుని పైకొస్తుంది. లోతు రెండు నుంచి మూడు అంగుళాలు, దుంపకీ దుంపకీ మధ్య మూడు నాలుగు అంగుళాలు. అయితే స్కేలు పెట్టి వరసల్లో నాటితే బడిపిల్లల్ని లైన్లో నిలబెట్టినట్టు కనిపించి అందం పోతుంది. గుప్పిట్లో తీసుకుని నేల మీద వెదజల్లండి, పడ్డచోటల్లా గుంట తీసి నాటండి, మరీ అంటుకుపోయినవాటిని మాత్రం కొంచెం జరపండి. మొక్క నాలుగు నుంచి ఆరు అంగుళాలే పెరుగుతుంది కాబట్టి పదీ ఇరవై నాటితే కంటికి ఆనవు. వంద దుంపలు ఒకే చెట్టు కింద వేస్తే అప్పుడు పరిచినట్టుంటుంది. ఇంటి చుట్టూ ఐదైదు చొప్పున పంచకండి.

ఎప్పుడు? మన సెంట్రల్ జెర్సీలో అక్టోబర్ మొదటి వారం నుంచి నవంబర్ మొదటి వారం దాకా. నేల చల్లబడి ఉండాలి, కానీ గడ్డకట్టడానికి ఇంకా కొన్ని వారాల టైమ్ ఉండాలి, ఎందుకంటే వేళ్లు అప్పుడే వేసుకుంటుంది. మీరు నవంబర్ చివర, అదీ నానబెట్టకుండా నాటారు. ఎండి ఉన్న దుంప ముందు నీళ్లు తాగాలి, తరవాత వేరు వెయ్యాలి, ఆలోపల చలి ముదిరిపోయింది. బతికినవి కూడా ఆలస్యంగా, బలహీనంగా రావడానికి ఇదొక కారణం. నాటాక ఒకసారి బాగా నీళ్లు పెట్టండి. అక్టోబర్‌లో వానలు లేకపోతే వారానికోసారి పెట్టండి. ఆ తరవాత చలికాలం చూసుకుంటుంది.

ఇక చోటు. ఆకు రాల్చే చెట్టు కింద, ఇది నా మొదటి మాట, రెండో మాట కూడా. మార్చిలో ఆ చెట్టుకి ఆకు ఉండదు, ఎండ నేరుగా నేల మీద పడుతుంది. బ్లాండాకి కావలసింది అదే. మే నెలలో చెట్టు గుబురు కమ్ముకునేసరికి దీని పని అయిపోతుంది. వేసవిలో చెట్టు వేళ్లు నేలలో తడి లాగేస్తాయి, పడుకున్న దుంపకి పొడి దొరుకుతుంది. ఓక్, డాగ్‌వుడ్, మాగ్నోలియా, సర్వీస్‌బెర్రీ, ఆపిల్ చెట్ల కింద బాగుంటుంది. మన వీధుల్లో ఎక్కువగా కనిపించే నార్వే మేపుల్ కింద మాత్రం కష్టం. దాని వేళ్లు నేల పైపైనే వల అల్లినట్టు ఉంటాయి, పార దిగదు. చెట్టు లేకపోతే ఇంటికి తూర్పువైపు గోడ దగ్గరైనా, హోస్టాలు, ఫెర్న్‌లు ఉన్న మడిలోనైనా వేసుకోవచ్చు. హోస్టా ఆకులు విప్పుకునే వేళకి విండ్‌ఫ్లవర్ ఆకులు వాడిపోతుంటాయి, ఒకదాని ఖాళీని ఇంకోటి కప్పేస్తుంది. పైగా అక్కడేదో ఉందని మీకు గుర్తుంటుంది, ఆగస్టులో పొరపాటున పారతో నరకరు.

మట్టి గురించి. మిడిల్‌సెక్స్ కౌంటీ చుట్టుపక్కల చాలాచోట్ల ఎర్రటి షేల్ రాయి నుంచి వచ్చిన బంకమట్టే. చలికాలంలో నీళ్లు నిలుస్తాయి, వేసవిలో ఇటుకలా గట్టిపడుతుంది. అందులో గుంట తీసి, గుంటలో మాత్రం మంచి మట్టి పోస్తే అది నీళ్లు పట్టే తొట్టి అవుతుంది, దుంప కుళ్లుతుంది. మడి మొత్తం ఒక ఆరు అంగుళాల లోతున వదులు చేసి, రెండు అంగుళాల మందాన కంపోస్టు గానీ, బాగా కుళ్లిన ఆకుల ఎరువు గానీ కలపండి. చెట్టు కింద అంత తవ్వకూడదు, వేళ్లు తెగుతాయి. అక్కడ పైన ఒక అంగుళం ఆకుల ఎరువు పరిచి, వేళ్ల సందుల్లో చిన్న గుంటలు తీసుకోండి. ఇక్కడి నేలలు సాధారణంగా పులుపు, బ్లాండాకి కాస్త సున్నం ఉన్న నేల ఇష్టం. అలాగని కళ్లు మూసుకుని సున్నం చల్లకండి. రట్గర్స్ యూనివర్సిటీ సాయిల్ టెస్టింగ్ ల్యాబ్‌కి కొంచెం మట్టి పంపిస్తే పీహెచ్ ఎంతో, ఎంత సున్నం కలపాలో రాసి పంపుతారు. ఆరున్నర నుంచి ఏడు మధ్య ఉంటే చాలు. రసాయన ఎరువుల జోలికి వెళ్లక్కర్లేదు. ప్రతి శరత్కాలంలో రాలిన ఆకుల్ని మోవర్‌తో తునకలు చేసి పల్చగా పరిచితే వాటికి అదే తిండి.

లాన్‌లో వెయ్యొచ్చా అంటే వెయ్యొచ్చు, యూరప్ తోటల్లో గడ్డిలో పరుచుకున్నవి చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ ఇక్కడి లాన్ పద్ధతులు దీనికి శత్రువులు. మొదటిది, ఏప్రిల్‌లోనే గడ్డి కోయడం మొదలుపెడతాం. ఆకు పచ్చగా ఉండగా కోసేస్తే దుంపలోకి వచ్చే ఏడాది తిండి చేరదు. రెండోది, లాన్ సర్వీసు వాళ్లు వసంతంలో చల్లే వెడల్పాకు కలుపు మందు. దానికి డాండిలియన్ అయినా అనెమనీ అయినా ఒకటే. మూడోది, క్రాబ్‌గ్రాస్ అనే కలుపు గడ్డి రాకుండా చల్లే మందు. అది పెరిగిన మొక్కని ఏమీ చెయ్యదు గానీ మొలకెత్తే విత్తనాల్ని ఆపేస్తుంది. బ్లాండా ఏళ్ల తరబడి విస్తరించేది ముఖ్యంగా విత్తనాల వల్లే కాబట్టి ఆ మందు పడే చోట అది ఎప్పటికీ విస్తరించదు. మీ ఇంటికి అలాంటి సర్వీసు ఉంటే ఏం చల్లుతున్నారో అడిగి తెలుసుకోండి. ఆ ఏడెనిమిది మొక్కల ఆకులు మే ఆఖరుకి కాక ఏప్రిల్ మధ్యలోనే మెలితిరిగి ఉంటే అది మందు పనే.

స్ప్రింక్లర్ సంగతీ ఇందులోదే. జులై, ఆగస్టుల్లో వారానికి మూడుసార్లు తడిసే బంకమట్టిలో నిద్రపోతున్న దుంప కుళ్లకుండా ఉండటం కష్టం. ఆ హెడ్ తిప్పేయడం కుదిరితే తిప్పేయండి. కుదరకపోతే వచ్చే మే నెలలో ఆకులు సగం పసుపెక్కినప్పుడు, అవి ఎక్కడున్నాయో ఇంకా కనిపిస్తున్నప్పుడే, మట్టిగడ్డతో సహా లేపి చెట్టు కిందికి మార్చేయండి. ఇప్పుడు మాత్రం వెతుకుతూ తవ్వొద్దు, పారకి సగం దుంపలు తెగుతాయి. నాటినచోట నాలుగు కర్రలు గుచ్చి గుర్తు పెట్టుకోండి.

మార్చిలో ఏం చూడాలో చెప్తాను, ఎందుకంటే కొత్తవాళ్లు దీన్ని కలుపనుకుని పీకేస్తుంటారు. ముందు నేలలోంచి ముదురు ఊదా రంగులో ఒక కాడ వంగి, మోకాలు మడిచినట్టు బయటికి వస్తుంది. తల ఇంకా మట్టిలోనే ఉంటుంది. రెండు మూడు రోజుల్లో అది నిటారవుతుంది, మొగ్గ చుట్టూ మూడు చీలికల ఆకులు ముడుచుకుని ఉంటాయి. మొగ్గ విప్పుకునే రోజున ఎండ ఉండాలి. పొద్దున ఎనిమిదింటికి చూస్తే మూసుకుని తల వంచుకుని ఉంటుంది, పదకొండు దాటాక సన్నటి రేకులు పది పదిహేను నేలకు సమాంతరంగా పరుచుకుంటాయి, సాయంత్రానికి మళ్లీ మూసుకుంటుంది. మబ్బు రోజు అసలు తెరవదు. వానాకాలంలా ఉన్న వారంలో చూసి ‘పూయలేదు’ అనుకోకండి. మన దగ్గర మార్చి చివర నుంచి ఏప్రిల్ మధ్య దాకా, ఫోర్సీథియా పసుపు తిరిగే రోజుల్లోనే ఇవీ పూస్తాయి. ఉగాది కాస్త ఆలస్యంగా వచ్చిన ఏడాది పండగ నాటికి పెరట్లో పూలుంటాయి. వేపపువ్వు దొరకని ఊళ్లో అది చిన్న సంతోషం కాదు.

ఆ సమయంలోనే ఇంకో ప్రమాదం ఉంది. ఏప్రిల్‌లో ట్రక్కులు ట్రక్కులు రంగు వేసిన చెక్క మల్చ్ తెచ్చి చెట్ల మొదళ్లలో నాలుగేసి అంగుళాలు పోయడం ఇక్కడ అలవాటు. ఆరు అంగుళాల మొక్క మీద నాలుగు అంగుళాల మల్చ్ పడితే ఇక చెప్పేదేముంది. విండ్‌ఫ్లవర్స్ ఉన్న మడికి ఆ మల్చ్ వద్దని ముందే చెప్పండి.

పూలయ్యాక విత్తనాలు రాలనివ్వండి, ఆకులు వాటంతట అవే ఎండే దాకా ముట్టుకోవద్దు. మొలకలు మొదటి వసంతంలో చిన్న చిన్న ఆకులతో వస్తాయి, పూతకి రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఓపిక పట్టినవాళ్లకి ఐదేళ్లలో ఆ చెట్టు కింద మీరు నాటనివి కూడా కనిపిస్తాయి.

జంతువుల విషయంలో ఇది మంచి మొక్క. మన జెర్సీలో జింకలు తులిప్‌ని మొగ్గలోనే తినేసి పోతాయి, విండ్‌ఫ్లవర్ జోలికి సాధారణంగా రావు. ఉడతలు దుంప తినవు గానీ కొత్తగా తవ్విన మట్టి కనిపిస్తే కెలుకుతాయి, బయట పడేసి పోతాయి. నాటినచోట కోళ్ల వలని ఒక నెలపాటు పరిచి రాళ్లు పెట్టండి. జంతువులు ముట్టుకోకపోవడానికి కారణం దాని రసంలో ఉంది. ఆకు గానీ కాడ గానీ నలిగినప్పుడు ప్రోటోఅనెమనిన్ అనే ఘాటు పదార్థం తయారవుతుంది. చర్మం మీద పడితే దురద, మంట, ఒక్కోసారి బొబ్బలు కూడా. నోట్లో పడితే నోరంతా మండుతుంది, కడుపులో తిప్పుతుంది. అందుకని దుంపలు పట్టుకునేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి. ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు, కుక్కపిల్లలు ఇంట్లో ఉంటే నడిచే దారి పక్కన కాకుండా లోపలి మడిలో వేయండి. పూలు ఎంత ముద్దుగా ఉన్నా జడలో పెట్టుకోవద్దు, తెగిన కాడ మెడకి తగులుతుంది. ప్రసాదం పళ్లెంలోనూ వద్దు. గ్లాసులో నీళ్లు పోసి దేవుడి ముందు పెట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదు.

రకాలు ఏవి కొనాలంటే, మొదటిసారికి ‘వైట్ స్ప్లెండర్’ తీసుకోండి. పువ్వు పెద్దది, బలమైన మొక్క, సాయంత్రం వెలుతురులో కూడా కనిపిస్తుంది. ‘బ్లూ షేడ్స్’ పేరుకి తగ్గట్టు లేత నీలం నుంచి ముదురు నీలం దాకా కలిసి వస్తుంది, చిన్న పసుపు డాఫడిల్స్ మధ్య వేస్తే ఎంతో బాగుంటుంది. ‘రాడార్’ ముదురు గులాబీ, మధ్యలో తెల్లటి వలయం, దూరం నుంచే లాగుతుంది, కాస్త ఖరీదు. మిక్స్‌డ్ ప్యాకెట్లు నాకు నచ్చవు, అన్ని రంగులూ కలిసి దేనికీ నిండుతనం ఉండదు. ఒక విషయం గమనించుకోండి: నర్సరీలో ఆగస్టు, సెప్టెంబర్‌లలో కుండీల్లో మూడడుగుల ఎత్తున పూసి కనిపించే ‘జపనీస్ అనెమనీ’ వేరే మొక్క. అది శరత్కాలంలో పూసేది, వసంతానికి పనికిరాదు.

చెట్లు ఎక్కువగా ఉండి, నేల వేసవిలో కూడా పూర్తిగా ఎండని పెరడైతే అనెమనీ నెమొరోసా అని ఇంకొకటి ఉంది. యూరప్ అడవి మొక్క. తెల్లటి పువ్వు, వెనక లేత గులాబీ చాయ. ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లు మార్చి, ఏప్రిల్‌లలో పాత అడవుల్లో నడకకి వెళ్తే నేలంతా ఇదే. అది నేల కింద సన్నటి కాండంతో పాకుతుంది, వందేళ్లకి ఆరడుగులు అంటారు. అందుకే ఒక అడవిలో అది విస్తారంగా ఉందంటే ఆ అడవి చాలా పాతదని అక్కడి వృక్షశాస్త్రజ్ఞులు లెక్క కడతారు. దీన్ని ఎండు దుంపగా కొనడం డబ్బు దండగ, ఎండితే తట్టుకోదు. కుండీలో పెరుగుతున్న మొక్కనే కొనండి. ‘రాబిన్‌సోనియానా’ అనే లేత లావెండర్ రకం దొరికితే వదలకండి.

ఇక మీరడిగిన ఎర్రటి పూలు. అవి అనెమనీ కొరొనేరియా. నల్లటి మధ్యభాగం, చుట్టూ ఎరుపు, నీలం, తెలుపు, గులాబీ రేకులు, అడుగు పైన పొడుగు కాడ. దక్షిణ ఇజ్రాయెల్‌లో జనవరి, ఫిబ్రవరుల్లో మైదానాలు ఎర్రబడేది వీటితోనే, 2013లో ఆ దేశం దీన్ని జాతీయ పుష్పంగా ఎంచుకుంది. అక్కడ ఎర్ర పూలకి పరాగం మోసేవి ముఖ్యంగా ఒక జాతి పెంకు పురుగులు. ఫ్రాన్స్‌లోని కాన్ ఊరి పేరుతో వచ్చిన ‘డి కాన్’ ఒంటి రేకుల రకం, ఐర్లండ్ నుంచి వచ్చిన ‘సెయింట్ బ్రిజిడ్’ ముద్ద రకం. డి కాన్‌లో ఎరుపు కావాలంటే ‘హాలండియా’, నీలానికి ‘మిస్టర్ ఫోకర్’, తెలుపుకి ‘ది బ్రైడ్’.

ఇది బ్లాండా అంత చలి తట్టుకోదు. జోన్ 7 నుంచి 10 దాకా దీని రాజ్యం. 2023లో అమెరికా వ్యవసాయ శాఖ కొత్త జోన్ మ్యాప్ వేశాక మన ప్రాంతం జోన్ 7లో ఉంది గానీ అది సగటు మాట. ఒక్క చెడ్డ జనవరి చాలు. అందుకని శరత్కాలంలో నాటితే పైన ఆకులు కప్పి, ఇనప తీగ వంపులు గుచ్చి, ఫ్రాస్ట్ క్లాత్ వెయ్యాలి. అంత హైరానా వద్దనుకుంటే నేను చెప్పేది ఇది: ఫిబ్రవరి మధ్యలో దుంపల్ని మూడు నాలుగు గంటలు మాత్రమే నానబెట్టండి. ఇవి బ్లాండా కంటే తొందరగా కుళ్లుతాయి, రాత్రంతా వద్దు. ట్రేలో తేమగా ఉన్న పాటింగ్ మిక్స్ పోసి, దుంపలు పరిచి, పైన కొంచెం మిక్స్ కప్పి బేస్‌మెంట్‌లో చల్లటి మూల, యాభై డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉంచండి. మట్టి తడిగా ఉండాలి, చితచితలాడకూడదు. మూడు రోజులకోసారి తీసి చూసి బూజు పట్టినదాన్ని పారేయండి. రెండు వారాల్లో తెల్లటి వేళ్లు కనిపిస్తాయి. మార్చి మొదట్లో మొన వైపు కిందికి ఉంచి రెండు అంగుళాల లోతున, ఎండ బాగా తగిలే ఎత్తు మడిలో నాటండి. నాటిన మూడు నెలలకు అటూ ఇటూగా పూస్తాయి, అంటే మే చివర, జూన్. ఎండలు ముదిరితే ఆగిపోతాయి. పోయినవాటి మీద ఆశ పెట్టుకోకుండా ఏటా కొత్త దుంపలు కొనుక్కుంటే మనసుకి హాయి.

కోసేటప్పుడు పువ్వు కింద ఆకుల కాలర్ చూడండి. మొగ్గ దశలో అది పువ్వుకి అంటుకుని ఉంటుంది. పువ్వుకీ కాలర్‌కీ మధ్య వేలెడు కాడ సాగాక, పువ్వు ఒకసారి విప్పుకుని మూసుకున్నాక, పొద్దున్నే మొదలంటా కోయండి. వారం రోజులకు తగ్గకుండా ఉంటాయి. వాజులో కూడా పగలు విప్పుకుని రాత్రి మూసుకుంటాయి, కాడలు వెలుతురు వైపు తిరుగుతాయి. పెరట్లో ప్లమ్, పీచ్ చెట్లు ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. వాటి ఆకులకి వచ్చే తుప్పు తెగులు ఒకటి ఏడాదిలో కొంతకాలం కొరొనేరియా మీద గడుపుతుంది. ఆకులు మందంగా, వికారంగా వచ్చి, అడుగున చిన్న చిన్న పసుపు చుక్కలు కనబడి, పూత రాకపోతే ఆ మొక్కని దుంపతో సహా చెత్తలో వేయండి, కంపోస్టులో కాదు.

ఇది చదివే మిగతా ఊళ్లవాళ్లకు రెండు ముక్కలు. బే ఏరియాలో కొరొనేరియా అక్టోబర్‌లో నేరుగా నేలలో వేసేయండి, బ్లాండాకి అక్కడి చలి చాలదు. డాలస్‌లో కూడా కొరొనేరియానే నమ్ముకోండి. సియాటిల్ వాళ్లు అదృష్టవంతులు, మూడూ వస్తాయి. షికాగోలో బ్లాండా హాయిగా బతుకుతుంది, కొరొనేరియా వసంతంలో నాటుకోవాలి. మెల్‌బోర్న్‌లో కాలం తిరగేసుకోండి, మార్చి, ఏప్రిల్‌లలో నాటితే ఆగస్టు, సెప్టెంబర్‌లలో పూలు.

గుంటూరు విషయం. దుంపలు సూట్‌కేసులో పెట్టి పంపొద్దు. మొక్కల దిగుమతికి భారతదేశంలో 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ఉంది, అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా దుంపలు తీసుకెళ్లడం కుదరదు. పంపినా బ్లాండా అక్కడ రాదు, దాన్ని నిద్ర లేపే చలి గుంటూరులో లేదు. కొరొనేరియాకి అంత చలి అక్కర్లేదు, చల్లటి రాత్రులు కొన్ని నెలలు కావాలి. ఢిల్లీ, చండీగఢ్ వైపు చలికాలపు పువ్వుగా వేసుకుంటారు, అక్టోబర్‌లో అక్కడి నర్సరీలు ఆన్‌లైన్‌లో దుంపలు అమ్ముతాయి. అమ్మగారికి మరీ ముచ్చటగా ఉంటే అలా పది దుంపలు తెప్పించి, నవంబర్ మధ్యలో నీళ్లు నిలవని కుండీలో, మధ్యాహ్నపు ఎండ పడని చోట వేసి చూడమనండి. కోస్తాలో ఫిబ్రవరికే వేడి మొదలవుతుంది కాబట్టి ఒకటి రెండు పూలు వచ్చినా వచ్చినట్టే. నన్నడిగితే ఆ కుండీలో ఆవిడకి చామంతులు వేసుకోమనే చెప్తాను. విండ్‌ఫ్లవర్స్ చూపించాలంటే ఏప్రిల్ మొదటి వారానికి ఇక్కడ ఉండేలా టికెట్ బుక్ చేయండి. ఆర్డర్ మాత్రం ఈ ఆగస్టులోనే పెట్టండి, ‘వైట్ స్ప్లెండర్’ తొందరగా అయిపోతుంది.